రెపో పెరిగింది రెండున్నర శాతం, రైతు మీద పడింది ఎంత?

రిజర్వు బ్యాంకు 2023 ఫిబ్రవరి 8న రెపో రేటును మరో పావు శాతం పెంచి 6.5 శాతానికి చేర్చింది. 2022 మే మొదట్లో అది 4 శాతం. మే నెలలో 0.40, జూన్, ఆగస్టు, సెప్టెంబరుల్లో అర శాతం చొప్పున, డిసెంబరులో 0.35, 2023 ఫిబ్రవరిలో 0.25. తొమ్మిది నెలల్లో ఆరుసార్లు పెంచి మొత్తం రెండున్నర శాతం చేశారు. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తెచ్చుకునే అప్పుకు కట్టే వడ్డీ ఇది. ఇది పెరిగితే బ్యాంకులు మనకిచ్చే అప్పుల మీద కూడా వడ్డీ పెంచుతాయి.

ఈ వార్త మీద పట్నంలో చర్చంతా ఇంటి రుణాల వాయిదాల చుట్టూ, షేర్ల ధరల చుట్టూ తిరిగింది. రైతు ప్రస్తావన వస్తే మాత్రం ఒకటే మాట: "పంట రుణానికి వడ్డీ 7 శాతమే, సకాలంలో కడితే 4 శాతమే. రెపో ఎంత పెరిగితే రైతుకేమిటి?" ఈ మాట సగం నిజం. మిగతా సగం చెప్పకపోతే మొదటి సగం అబద్ధం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకే ఈ నెల సంపాదకీయం వడ్డీ గురించే.

పంట రుణానికి ఉన్న రక్షణ ఎంతవరకు?

ముందు నిజమైన సగం చూద్దాం. మూడు లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట రుణానికి రైతు కట్టవలసిన వడ్డీ 7 శాతం. 2006-07 నుంచి అమల్లో ఉన్న వడ్డీ రాయితీ పథకం వల్ల ఇది సాధ్యమైంది. గడువులోగా కట్టిన రైతుకు కేంద్రం మరో 3 శాతం తగ్గిస్తుంది, అప్పుడు 4 శాతమే పడుతుంది. బ్యాంకులకు ఇచ్చే రాయితీ మధ్యలో ఆగిపోతే, 2022 ఆగస్టులో దాన్ని 1.5 శాతంగా పునరుద్ధరించి 2024-25 వరకు కొనసాగిస్తామని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్‌లో లక్ష లోపు పంట రుణాన్ని ఏడాదిలోగా కట్టినవారికి ఆ 4 శాతం కూడా రాష్ట్ర ప్రభుత్వం తిరిగి ఇచ్చే సున్నా వడ్డీ పథకం 2023లో ఉండేది. రైతు ఉద్యమాలు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చినవి ఇవి. స్వామినాథన్ కమిషన్ 2006లోనే 4 శాతం వడ్డీకి పంట రుణం ఇవ్వాలని చెప్పింది. వీటిని నిలబెట్టుకోవాలి.

అయితే ఈ రక్షణకు నాలుగు హద్దులున్నాయి. ఒకటి గడువు. గడువు దాటితే 3 శాతం తగ్గింపు పోతుంది. ఏడాది దాటాక రాయితీ వడ్డీ కూడా పోయి, బ్యాంకు తన మామూలు వడ్డీ వేస్తుంది. ఆ మామూలు వడ్డీ 2022-23లో రెపోతోపాటు పెరిగింది. పంట చేతికొచ్చినా డబ్బు చేతికి రానివాళ్ళు, 2022 జులైలో గోదావరి వరదకు చేలు మునిగినవాళ్ళు గడువు దాటడం వాళ్ళ తప్పు కాదు. తెలంగాణలో 2018 డిసెంబరు 11 నాటికి ఉన్న లక్ష లోపు రుణాలు మాఫీ అవుతాయని నమ్మి కట్టకుండా ఆగినవాళ్ళున్నారు. ఆ మాఫీ విడతలవారీగా నడుస్తూ 2023 మొదటికి నాలుగేళ్ళు దాటినా పూర్తికాలేదు. అసలు మాఫీ కాకముందే దాని మీద వడ్డీ పెరిగి, ఖాతా మొండి బకాయిగా మారి, కొత్త అప్పు దారి కూడా మూసుకుపోయింది.

రెండో హద్దు మూడు లక్షలు. మిర్చి, పసుపు, అరటి వంటి పంటల పెట్టుబడికి నాలుగైదు ఎకరాలు దాటితే ఆ మొత్తం చాలదు. మూడు లక్షల పైన తీసుకున్న ప్రతి రూపాయికీ బ్యాంకు సొంత రేటే. మూడో హద్దు రుణం రకం. బోరు, మోటారు, డ్రిప్పు, ట్రాక్టరు, పాడి గేదెల షెడ్డు వంటి దీర్ఘకాలిక రుణాలకు ఈ 7 శాతం వర్తించదు. ఉదాహరణకు ఆరు లక్షల ట్రాక్టరు రుణాన్ని ఐదేళ్ళలో నెలవారీ వాయిదాల్లో తీర్చాలనుకుందాం. వడ్డీ 10 శాతమైతే నెలకు సుమారు 12,750 రూపాయలు. అదే రెండున్నర శాతం పెరిగి 12.5 అయితే 13,500. ఐదేళ్ళలో 45,000 రూపాయల తేడా. ఆ డబ్బుతో ట్రాక్టరుకు రెండు పెద్ద టైర్లు వేయించుకోవచ్చు.

నాలుగోది బంగారం. కాగితాల తిప్పట లేకుండా గంటలో చేతికొచ్చే అప్పు అని మన ఆడవాళ్ళ మెడలోది తీసి పెడుతున్నాం. ఒకప్పుడు వ్యవసాయం పేరుతో తీసుకున్న బంగారు రుణానికి రాయితీ వడ్డీ వచ్చేది. ఇప్పుడు కిసాన్ క్రెడిట్ కార్డు లేని బంగారు రుణానికి ఆ రాయితీ లేదు. చాలామందికి ఈ సంగతి తెలియక ఇప్పటికీ అదే పాత వడ్డీ అనుకుంటున్నారు.

బ్యాంకు గడప ఎక్కలేనివాళ్ళు

ఈ నాలుగు హద్దులకూ బయట మరో పెద్ద జనం ఉన్నారు. వాళ్ళు కౌలు రైతులు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేలో దిగి సాగు చేసేవాళ్ళలో కౌలుదారులే చాలామంది. పట్టా లేదు కాబట్టి పంట రుణం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగు హక్కు పత్రం తెచ్చుకోవచ్చు గానీ దానికి భూ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పత్రం ఇస్తే భూమి పోతుందేమోనన్న అనుమానం ఒకవైపు, అదే భూమి మీద యజమాని పంట రుణం తీసుకుని ఉండటం మరోవైపు. పత్రం చేతికొచ్చినా బ్యాంకు మేనేజరు దగ్గర పని అవుతుందన్న భరోసా లేదు. తెలంగాణలో 2011 నాటి రుణ అర్హత కార్డుల చట్టాన్ని పక్కన పడేశారు. రైతుబంధు కౌలుదారుకు రాలేదు.

అలాంటి రైతు ఎక్కడికి పోతాడు? మందుల కొట్టు దగ్గరికి, కమీషన్ ఏజెంటు దగ్గరికి, ఊళ్ళో వడ్డీకిచ్చేవాళ్ళ దగ్గరికి. అక్కడ రేటు శాతాల్లో చెప్పరు, నూటికి నెలకు రెండు రూపాయలనో మూడు రూపాయలనో చెబుతారు. వినడానికి చిన్న అంకె. లెక్క వేస్తే రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలది 36 శాతం. లక్ష రూపాయల పెట్టుబడికి ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు రైతుల లెక్క చూడండి. పట్టా ఉండి సకాలంలో కట్టిన రైతుకు ఏడాది వడ్డీ 4,000. పక్క చేను కౌలుదారుకు 24,000 లేదా 36,000. నేల ఒకటే, కాలవ నీరు ఒకటే, విత్తనం ఒకటే. పండిన బస్తాకు వచ్చే ధర కూడా ఒకటే. కౌలుదారుకు కౌలు బస్తాలు పోగా మిగిలేది ఈ వడ్డీకే సరిపోదు.

"ఊళ్ళో వడ్డీకి రెపోతో ఏం సంబంధం?" అని అడగొచ్చు. సంబంధం ఉంది. ఎరువుల దుకాణందారూ, ధాన్యం వ్యాపారీ తమ సరుకును బ్యాంకు అప్పుతోనే తిప్పుతారు. వాళ్ళకు రెండున్నర శాతం పెరిగితే దాన్ని తమ లాభంలోంచి కట్టరు. అరువుకిచ్చిన బస్తా మీద పది రూపాయలు వేస్తారు, లేదా పంట తూకం దగ్గర తగ్గిస్తారు. బ్యాంకు తలుపు ఇరుకైన కొద్దీ ఊళ్ళో అప్పు అడిగేవాళ్ళు పెరుగుతారు. అడిగేవాళ్ళు పెరిగితే ఇచ్చేవాడి మాటే చెల్లుతుంది.

పంట అమ్మకం దగ్గర పడే దెబ్బ

వడ్డీ దెబ్బ పెట్టుబడి దగ్గరే ఆగదు, అమ్మకం దగ్గర కూడా పడుతుంది. 2021-22 సీజనులో పత్తి క్వింటాలు పదివేలు దాటిన ధర చూసిన రైతులు 2022-23లో తక్కువకు అమ్మడానికి మనసొప్పక ఇళ్ళల్లో నిల్వ పెట్టుకున్నారు. ఆగడం మంచిదా కాదా అన్నది వాళ్ళ వాళ్ళ అప్పు మీద ఆధారపడి ఉంటుంది. క్వింటాలు ఎనిమిది వేలు అనుకుందాం. రెండు రూపాయల వడ్డీకి అప్పు ఉన్న రైతుకు ఆ క్వింటాలు ఇంట్లో ఉన్న ప్రతి నెలా 160 రూపాయల ఖర్చు. నాలుగు నెలలు ఆగితే 640. అంటే ధర 8,640కి చేరినా ఒక్క పైసా లాభం లేదు, తూకంలో తరుగు అదనం. సొంత డబ్బున్నవాడు ఆగగలడు, అప్పున్నవాడు ఆగలేడు. మిల్లు యజమాని కూడా ఎక్కువ వడ్డీకి తెచ్చిన డబ్బుతో సరుకు కొని నిల్వ ఉంచడానికి వెనకాడతాడు. కొనేవాడు తగ్గి, అమ్మక తప్పనివాడు పెరిగితే ధర ఎటు పోతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ధాన్యం డబ్బుల సంగతీ అంతే. కొనుగోలు కేంద్రంలో ధాన్యం పోసి నెలన్నర దాకా ఖాతాలో డబ్బు పడకపోతే, లక్ష రూపాయలకు రెండు రూపాయల వడ్డీ లెక్కన 3,000 రూపాయలు రైతు చేతి నుంచి పోయినట్టే. 2022-23లో క్వింటాలుకు 2,040 మద్దతు ధర అని ప్రకటించినా, ఆలస్యం వల్ల అసలు చేతికందింది దానికంటే తక్కువ. ఈ నష్టం ఏ లెక్కలోకీ రాదు.

ఇంటి ఖర్చు మీద

మన ఇళ్ళల్లో ఇప్పుడు వ్యవసాయ అప్పు ఒక్కటే ఉండటం లేదు. పట్నంలో ఉద్యోగం చేసే పిల్లవాడు ఇల్లు కొనుక్కుని ఉంటాడు. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన మారే వడ్డీ ఇంటి రుణాల్లో ఎక్కువ భాగం నేరుగా రెపోతో ముడిపడినవే. ఇరవై ఏళ్ళకు తీసుకున్న పది లక్షల రుణానికి 7 శాతం దగ్గర నెల వాయిదా 7,750 రూపాయలు, 9.5 శాతం దగ్గర 9,320. నెలకు 1,570 తేడా. ఆ మేరకు ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది. పిల్లల్ని విదేశీ చదువులకు పంపినవారికి గోరుచుట్టు మీద రోకటిపోటు. చదువు రుణం వడ్డీ పెరిగింది. అమెరికాలోనూ 2022 మార్చి నుంచి వడ్డీ పెంచుకుంటూ వచ్చారు, డాలరు బలపడి 2022 మొదట్లో 75 రూపాయల దగ్గర ఉన్నది 2023 ఫిబ్రవరికి 82 దాటింది. ఫీజు అంకె మారకపోయినా మనం కట్టే రూపాయలు పెరిగాయి. దిగుమతి చేసుకునే పొటాష్‌కు, వంటనూనెకు, ముడిచమురుకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఆడవాళ్ళ అప్పుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పొదుపు సంఘాల రుణం వడ్డీ అదుపులో ఉంది. కానీ అవి చాలక మైక్రోఫైనాన్స్ కంపెనీల దగ్గరికి వెళ్ళే రోజులు మళ్ళీ వస్తున్నాయి. 2010లో ఈ కంపెనీల వారపు వసూళ్ళ వేధింపులకు ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మరిచిపోలేదు. అప్పుడే ఉమ్మడి రాష్ట్రంలో అక్టోబరులో ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చాయి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఈ కంపెనీల వడ్డీ మీద ఉన్న పరిమితిని ఎత్తేసింది. తమ దగ్గర నమోదైన ఆర్థిక సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. వడ్డీలు పెరిగే కాలంలో పరిమితి కూడా లేకపోవడం, పాత చట్టపు అండ కూడా లేకపోవడం మంచి సూచన కాదు.

2018-19 జాతీయ నమూనా సర్వే చెప్పిన లెక్క ఒకటి గుర్తు చేస్తాం. దేశంలో వ్యవసాయ కుటుంబం సగటు అప్పు 74,121 రూపాయలు. తెలంగాణలో అది 1,52,113. ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554, రాష్ట్రాలన్నింటిలో అదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో నూటికి 92 కుటుంబాలు అప్పుల్లో ఉన్నట్టు తేలింది. వడ్డీ పెరుగుదల ఎవరి మీద ఎక్కువ పడుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

ధరల పేరుతో

ధరలు తగ్గించడానికే వడ్డీ పెంచామని రిజర్వు బ్యాంకు అప్పట్లో అంది. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉండాలి, 6 దాటకూడదు అన్నది దానికి అప్పగించిన పని. 2022 ఏప్రిల్‌లో అది 7.79 శాతానికి చేరింది. ధరలు పెరిగితే కూలీలకూ చిన్న రైతులకూ కూడా కష్టమే, దాన్ని మేము కాదనం. కొనుక్కుని తినేవాళ్ళలో మనమూ ఉన్నాం. మా ప్రశ్న వేరు. ఈ ధరలు ఎందుకు పెరిగాయి? యుక్రెయిన్ యుద్ధంతో చమురు, ఎరువులు, పొద్దుతిరుగుడు నూనె ప్రియమయ్యాయి. 2022 మార్చి ఎండలకు ఉత్తరాదిన గోధుమ దిగుబడి తగ్గింది. జనం చేతిలో డబ్బు ఎక్కువై ఎగబడి కొనడం వల్ల కాదు. సరుకు లేక పెరిగిన ధరకు, అప్పును ప్రియం చేయడం మందు కాదు. అప్పు ప్రియమైతే మోటారు వేసేవాడు, గోదాము కట్టేవాడు వెనక్కి తగ్గి రేపటి సరుకు ఇంకా తగ్గుతుంది. ఆరుసార్లు పెంచడం మొదలుపెట్టిన ఎనిమిది నెలల తర్వాత కూడా, 2023 జనవరిలో ధరల పెరుగుదల 6.52 శాతం ఉండింది.

పైగా ఇదే ధరల పేరుతో 2022 మేలో గోధుమ ఎగుమతి ఆపేశారు. సెప్టెంబరులో నూకల ఎగుమతి నిషేధించి, పచ్చి బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. కాకినాడ రేవు నుంచి వెళ్ళే బియ్యం మీద ఆధారపడిన మన ధాన్యానికి ఆ మేరకు పోటీ తగ్గింది. అంటే రైతు కొనే అప్పును ప్రియం చేశారు, అమ్మే పంటను చౌక చేశారు. రెండు వైపులా కోత ఒకరికే.

రెపో నిర్ణయించే కమిటీలో ఆరుగురుంటారు. వాళ్ళలో వ్యవసాయం తరఫున మాట్లాడేవారికి ప్రత్యేక స్థానం లేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా? అయినా 2023 ఫిబ్రవరిలో ఆరుగురిలో ఇద్దరు ఈ పెంపు వద్దన్నారు. పెంచడం తప్ప దారి లేదనే వాదన ఆ గదిలోనే అందరూ ఒప్పుకున్నది కాదు.

డబ్బు లేదనే మాట కూడా చెల్లదు. 2021-22 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాల్లో బ్యాంకులు 10 లక్షల 9 వేల కోట్లకు పైగా మొండి బకాయిలను పద్దుల్లోంచి తీసేశాయని ఆర్థిక మంత్రి 2022 డిసెంబరులో రాజ్యసభకు చెప్పారు. పద్దులోంచి తీసినంత మాత్రాన వసూలు ఆగదని ప్రభుత్వం అంటుంది. నిజమే అనుకుందాం. పెద్ద ఖాతాదారుకు అంత ఓపిక చూపే బ్యాంకు, లక్ష రూపాయల రైతుకు గడువు దాటిన మర్నాడు రాయితీ ఎందుకు కోస్తోంది?

మనం అడగవలసింది, చేయవలసింది

"రెపో తగ్గించండి" అని మాత్రమే అడిగితే చాలదు. అది తగ్గినా కౌలు రైతు మూడు రూపాయల వడ్డీ తగ్గదు. రైతు అసలు వడ్డీని తేల్చేది ముంబయిలో ప్రకటించే అంకె కంటే, ఊళ్ళో బ్యాంకు తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నదే. అందుకే మన డిమాండ్లు ఇవి:

మొదటిది, భూ యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా, గ్రామసభలో విచారించి సాగుదారులందరికీ గుర్తింపు పత్రం ఇవ్వాలి. దాని మీద 4 శాతం వడ్డీకి పంట రుణం ఇవ్వాలి. హామీ లేకుండా 2 లక్షల వరకు పంట రుణం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధనను ప్రతి శాఖలో అమలు చేయాలి. రెండోది, రాయితీ వడ్డీ పరిమితిని మూడు లక్షల నుంచి పెంచాలి, నీటి వసతి, పాడి, చిన్న యంత్రాల రుణాలనూ అందులోకి తేవాలి. మూడోది, రెండు రాష్ట్రాల్లో ప్రకటించిన మాఫీ, సున్నా వడ్డీ బకాయిలను ఆలస్యమైన కాలపు వడ్డీతో సహా చెల్లించాలి. నాలుగోది, ధాన్యం డబ్బు గడువు దాటితే దాని మీద రైతుకు వడ్డీ ఇవ్వాలి. మన దగ్గర వసూలు చేసే న్యాయమే మనకూ వర్తించాలి. ఐదోది, మైక్రోఫైనాన్స్ వడ్డీకి తిరిగి పరిమితి పెట్టాలి.

ప్రభుత్వాలు కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఈ నెలలోనే చేసుకోవలసిన పనులున్నాయి. పంట రుణం గడువు తేదీ ఎప్పుడో పాసుపుస్తకం తీసుకెళ్ళి బ్యాంకులో అడిగి రాసుకోండి. ఒక్క రోజు దాటినా లక్షకు మూడు వేలు పోతాయి. తిరగరాయడానికి రెండు రోజుల చేబదులిచ్చి వెయ్యికింత అని గుంజేవాళ్ళ బారిన పడకుండా, ఊళ్ళో పదిమంది కలిసి ఒకరి తర్వాత ఒకరు సర్దుకునే ఏర్పాటు చేసుకోండి. బంగారు రుణం తీసుకునేముందు అది కిసాన్ క్రెడిట్ కార్డు కిందదో కాదో, వడ్డీ ఎంతో కాగితం మీద అడగండి. గడువులో ఉన్న పంట రుణానికి వడ్డీ మీద వడ్డీ వేయకూడదు. చిన్న, సన్నకారు రైతుల స్వల్పకాలిక రుణం మీద మొత్తం వడ్డీ అసలును మించకూడదు. ఈ రెండూ రిజర్వు బ్యాంకు నిబంధనలే. మీ ఖాతాలో అంతకు మించి వేసినట్టు కనిపిస్తే లెక్క ప్రతి తెచ్చి సంఘం కార్యకర్తకు చూపండి. ప్రకృతి వైపరీత్యం ప్రకటించిన మండలాల్లో మూడో వంతు పంట పోయినవారు రుణం వాయిదా వేయించుకోవడానికి అర్హులు. దరఖాస్తు రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రతి గ్రామ శాఖ ఒక పని చేయాలని కోరుతున్నాం. ఊళ్ళో ఎంతమంది బ్యాంకు వడ్డీకి, ఎంతమంది ఊరి వడ్డీకి వ్యవసాయం చేస్తున్నారో, ఎంత రేటుకో ఒక పుస్తకంలో రాయండి. పేర్లు బయటపెట్టనక్కర్లేదు, అంకెలు చాలు. ఆ లెక్కలు పట్టుకుని మండల స్థాయిలో బ్యాంకు మేనేజర్లనూ, జిల్లాలో కలెక్టరునూ కలుద్దాం. 7 శాతానికే రైతుకు అప్పు ఇస్తున్నామని చెప్పేవాళ్ళ ముందు 24, 36 శాతాల జాబితా పెడదాం. జవాబు అప్పుడు వాళ్ళు చెప్పాలి.